మెరవని కారుకు మెలకువలెన్నో
మ్యాట్ రంగు వాహనాలపై పెరుగుతున్న మోజు
తొలి పూజ నాడే చెరగని మరకలు. రుద్దితే మరింత చేటు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: కొత్త వాహనం కొన్నవారు కొండగట్టు అంజన్న సన్నిధిలో పూజ చేయించడం ఈ ప్రాంతంలో ఆనవాయితీ. షోరూంలో తాళాలు అందుకున్న కారు చాలాసార్లు ఇంటికి చేరకముందే గుట్ట ఎక్కుతుంది. బానెట్‌పై పసుపుతో స్వస్తిక్ గుర్తు వేస్తారు. దానిపై కుంకుమ బొట్లు, నూనెలో కలిపిన సింధూరం పెడతారు. ముందు భాగాన బంతిపూల దండ వేలాడదీస్తారు. మామూలు మెరుపు రంగు కారైతే మరునాడు కడిగితే సరిపోతుంది. మొండి మరక మిగిలితే పాలిష్ పెట్టి రుద్దితే పోతుంది. మెరుపు లేని మ్యాట్ రంగు కారు విషయంలో ఈ రెండో మార్గం లేదు. సింధూరం మరక ఉండిపోతే అది ఒక మచ్చ. దానిని పోగొట్టాలని గట్టిగా రుద్దితే చుట్టూ జానెడు మేర నిగనిగలాడే మరో మచ్చ ఏర్పడుతుంది. ఈ రెండో మచ్చ ఇక పోదు.

మెరుపు లేకుండా పొడిపొడిగా, సుద్ద పూసినట్లు కనిపించే ఈ రంగులు ఒకప్పుడు సైనిక వాహనాలకే పరిమితం. ఎండలో మెరిసి శత్రువు కంట పడకుండా ఉండేందుకు వాటికి ఆ రంగు వేసేవారు. 2007లో ఇటలీకి చెందిన లంబోర్గిని సంస్థ మ్యాట్ బూడిద రంగులో రెవెంటాన్ కారును ప్రదర్శించింది. 2010 నుంచి బీఎండబ్ల్యూ తన ఎం3 కారుకు ఇలాంటి రంగును ఇచ్చింది. మన దేశంలో 2021లో కియా సెల్టోస్ ఎక్స్-లైన్, 2023లో స్కోడా కుషాక్ మ్యాట్ ఎడిషన్, 2024లో మహీంద్రా థార్ ఎర్త్ ఎడిషన్, 2025లో టాటా హారియర్ స్టెల్త్ ఎడిషన్ రావడంతో మధ్యతరగతి కొనుగోలుదారుల చేతికీ ఈ రంగు అందింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి దుబాయ్, మస్కట్, కువైట్ వెళ్లిన వారి సంఖ్య తక్కువేమీ కాదు. అక్కడి రోడ్లపై ఇలాంటి కార్లను చూసి, తిరిగి వచ్చాక అదే రంగు కావాలని కోరే యువకులు ఉన్నారు. ద్విచక్ర వాహనాల్లోనైతే మ్యాట్ రంగు ఎప్పుడో ఊరూరా చేరింది. కింద చెప్పే జాగ్రత్తలు వాటికీ వర్తిస్తాయి.

మెరుపు ఎందుకు లేదు?

మ్యాట్ రంగు అంటే వేరే రకం రంగు అని చాలామంది అనుకుంటారు. నిజానికి తేడా అడుగున ఉన్న రంగులో కాదు, దానిపై వేసే పారదర్శకమైన క్లియర్ కోటులో ఉంటుంది. మామూలు కారుకు ఈ పొర అద్దంలా నునుపుగా ఆరుతుంది. దానిపై పడిన వెలుతురు ఒకే దిశలో తిరిగి రావడంతో కారులో మన ముఖం కనిపిస్తుంది. మ్యాట్ కారుకు వేసే క్లియర్ కోటులో అతి సన్నని సిలికా రేణువులను కలుపుతారు. పొర ఆరేటప్పుడు పైభాగం కంటికి కనిపించనంత సూక్ష్మమైన ఎగుడుదిగుడులతో గట్టిపడుతుంది. వెలుతురు అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది.

సిరిసిల్ల నేత కార్మికులకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. ఒకే రంగు అద్దిన పాలిస్టర్ గుడ్డ తళతళలాడుతుంది, నూలు గుడ్డ మెరవదు. పాలిస్టర్ పోగు నునుపు, నూలు పోగుకు నూగు ఉండటమే కారణం. నల్ల ప్యాంటు కొన్నాళ్లు వాడాక మోకాళ్ల వద్ద, కూర్చునే చోట నిగనిగలాడటం అందరూ చూసిందే. గుడ్డ అరిగి, నూగు అణగి నునుపెక్కడం వల్ల అలా జరుగుతుంది. మ్యాట్ కారును రుద్దినప్పుడు జరిగేదీ ఇదే. ఎగుడుదిగుడులు అరిగి నునుపుదేలిన చోట మెరుపు వస్తుంది. అందుకే ఈ కారుకు రబ్బింగ్ కాంపౌండ్, మైనం, పాలిష్, బఫింగ్ యంత్రం ఏవీ తగలరాదు. మామూలు కారును కాపాడే వస్తువులే దీనిని పాడుచేస్తాయి.

మెరుపును కొలిచే పద్ధతి కూడా ఉంది. నునుపైన నల్లటి గాజు పలక మెరుపును 100గా తీసుకుని, 60 డిగ్రీల కోణంలో వెలుతురు పంపి ఎంత తిరిగి వస్తుందో చూస్తారు. ఆ లెక్కలో 70 దాటితే బాగా మెరిసే రంగు, 10 కన్నా తక్కువైతే పూర్తి మ్యాట్. ఈ రెంటి నడుమ, పట్టు గుడ్డలా మంద్రంగా మెరిసే రంగులను శాటిన్ అంటున్నారు. కంపెనీలు మ్యాట్ పేరిట అమ్మే కార్లలో కొన్ని నిజానికి శాటిన్ రంగులే. వీటి జాగ్రత్తల్లో మాత్రం పెద్ద తేడా లేదు.

పసుపు, కుంకుమ, సింధూరం

ఈ మూడింటి స్వభావం ఒకటి కాదు. పసుపులో రంగునిచ్చే కర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో బాగా కరుగుతుంది. కాబట్టి నీళ్లు మాత్రమే పోస్తే మరక పూర్తిగా వదలదు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా మారడం ఇంటింటా తెలిసిందే. సబ్బు పొడి, బట్టల సోడా వంటి క్షార పదార్థాలతో పసుపు మరకను కడిగినా అదే జరుగుతుంది. పచ్చగా ఉన్న మరక ఎర్రబారడంతో కంగారుపడి మరింత రుద్దుతారు. వాస్తవానికి పసుపు రంగు ఎండకు నిలవదు. కార్ల కోసం తయారైన తేలికపాటి షాంపూతో మృదువుగా కడిగి రెండు మూడు రోజులు ఎండ తగలనిస్తే మిగిలిన చాయ క్రమంగా వెలిసిపోతుంది.

కుంకుమతో ఇబ్బంది ఎక్కువ. పసుపుతో చేసిన అసలు కుంకుమ స్థానంలో బజారులో కృత్రిమ రంగులు కలిపినవి చాలా ఉన్నాయి. తడి తగిలితే ఆ రంగు ఊరి సన్నని గుంతల్లో దిగుతుంది. అన్నింటికన్నా మొండిది నూనె సింధూరం. మెరుపు రంగు కారుపై నూనె పైపైనే ఉంటుంది. మ్యాట్ కారుపై అది ఎగుడుదిగుడుల నడుమ నిండి ఉపరితలాన్ని సమం చేస్తుంది. అందువల్ల నూనె అంటిన చోటు ముదురు రంగులో తడిసినట్లు కనిపిస్తుంది. వేలిముద్రలు, తలనూనె అంటిన చేతి గుర్తులు ఈ కార్లపై కొట్టొచ్చినట్లు కనిపించడానికి కారణమూ ఇదే.

అలాగని పూజ మానుకోవలసిన పని లేదు. కారు దించేటప్పుడే అర్చకునికి మాట చెప్పి బొట్లు ముందు అద్దం మీద, నంబరు ప్లేటు మీద పెట్టించుకోవచ్చు. గాజుపై ఏ మరకైనా తుడిస్తే పోతుంది. బానెట్‌పైనే గుర్తు వేయాలని పెద్దలు పట్టుబడితే అక్కడ తమలపాకు ఉంచి దానిపై పసుపు కుంకుమలు పెట్టించవచ్చు. దండను బానెట్‌పై పరచకుండా అద్దం తుడిచే వైపర్లకు కట్టి, ప్రయాణానికి ముందే విప్పేయాలి. గాలికి ఊగే దండ దారం గుట్ట దిగి ఇల్లు చేరేసరికి అదే చోట వందలసార్లు రాసుకుంటుంది. కర్పూరం హారతి పళ్లెంలోనే వెలగాలి, బానెట్‌పై కాదు. టైర్ల కింద పెట్టే నిమ్మకాయలతో ఏ ఇబ్బందీ లేదు. కొబ్బరికాయను మాత్రం కాస్త ఎడంగా కొట్టాలి. వేములవాడ రాజన్న ఆలయం వద్ద పూజ చేయించినా, దసరా నాడు ఇంటి ముందు ఆయుధ పూజ చేసినా ఇవే జాగ్రత్తలు. ఒకవేళ సింధూరం పడితే అది ఎండిపోకముందే తడి మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది తీయాలి. అద్దడం అంటే గుడ్డను మరకపై ఆనించి ఎత్తడమే. అటూఇటూ లాగితే సింధూరం పక్కలకు పాకుతుంది.

కడగడం ఎలా?

ఈ మూడు పట్టణాల దుమ్ము కూడా ఒక్క తీరుది కాదు. సిరిసిల్లలో బి.వై.నగర్, సుందరయ్య నగర్ వంటి మరమగ్గాల వాడల్లో నిలిపిన కారుపై నూలు నూగు పేరుకుంటుంది. నూగు మెత్తనిదే, దానితో కలిసిన ఇసుక రేణువులతోనే ముప్పు. జగిత్యాల, కోరుట్ల మండలాల్లో యాసంగి కోతల వేళ రోడ్ల పక్కన వడ్లు ఆరబోస్తారు. హార్వెస్టర్ల నుంచి లేచే పొట్టు వాహనాలపై పడుతుంది. వరి పొట్టును కాలిస్తే మిగిలే బూడిదలో అధిక భాగం సిలికాయే. మ్యాట్ పొరలో మెరుపును చంపేందుకు కలిపేదీ సిలికాయే కావడం విచిత్రం. లోపల ఉంటే అందం, పైనుంచి పొడిగుడ్డతో రుద్దితే గీతలు.

కాబట్టి పొడి దుమ్మును గుడ్డతో గానీ, కుచ్చుతో గానీ దులపరాదు. ముందుగా నీడలో నిలిపి, రేకు చల్లబడ్డాక ధారగా నీళ్లు పోసి దుమ్మును జారనివ్వాలి. వేసవిలో 44, 45 డిగ్రీల ఎండలో ఉన్న కారుపై నీళ్లు పోస్తే షాంపూ అక్కడికక్కడే ఎండి చారలు కడుతుంది. రెండు బకెట్లు పెట్టుకుని ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండోదానిలో మంచినీళ్లు ఉంచాలి. మురికైన గుడ్డను ప్రతిసారీ మంచినీళ్లలో జాడించాకే మళ్లీ షాంపూలో ముంచాలి. షాంపూ ఆమ్ల, క్షార గుణాలు లేనిదై, మైనం కలవనిదై ఉండాలి. మ్యాట్ రంగుకు పనికొస్తుందని సీసాపై రాసి ఉందో లేదో చూసుకోవాలి. బ్రష్షులు తిరిగే యంత్రాల్లో కడిగించరాదు. వీధి చివరి వాటర్ సర్వీసింగ్ కేంద్రంలో ఇస్తే పక్కనే నిలబడి చూసుకోవడం మంచిది. చివరన మెరుపు కోసం బంపరుకూ టైర్లకూ పూసే సిలికాన్ ద్రవం రంగుపై చిందితే నూనె మరకలాగే నిలుస్తుంది.

బోరు నీటి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గీజరు లోపల తెల్లటి పొరగా పేరుకునే లవణాలే కారుపై నీటి చుక్క ఆరిన చోట గుండ్రని మచ్చగా మిగులుతాయి. మామూలు కారుపై వీటిని పాలిష్‌తో తీస్తారు. ఇక్కడ ఆ వీలు లేదు కనుక మచ్చ పడకుండా చూసుకోవడమే దారి. చివరి జాడింపునకు రెండు బిందెల శుద్ధి నీటిని వాడి, వెంటనే మెత్తని గుడ్డను ఆనించి తడి తీసేయాలి.

జగిత్యాల మామిడికి పేరు. చల్‌గల్ మార్కెట్ సీజనులో మామిడి చెట్టు నీడన కారు నిలపడం సహజమే. అయితే చర్మాన్ని సైతం పొక్కించే మామిడి సొన రంగు పొరను విడిచిపెట్టదు. పక్షుల రెట్ట అంతకన్నా త్వరగా పనిచేస్తుంది. ఎండకు వేడెక్కి కాస్త మెత్తబడిన పొరపై రెట్ట ఎండి బిగుసుకుంటే దాని అంచుల ఆకారమే రంగుపై అచ్చు పడుతుంది. రెట్ట కనిపించగానే తడిగుడ్డను పది నిమిషాలు దానిపై పరిచి, నానాక ఎత్తేయాలి. అందుకోసం ఒక నీళ్ల సీసా, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు కారులోనే ఉంచుకోవాలి. నిజామాబాద్ నుంచి కోరుట్ల మీదుగా జగిత్యాల వచ్చే 63వ నంబరు జాతీయ రహదారిపై ఎక్కడైనా కొత్తగా తారు వేస్తే ఆ చుక్కలు డోర్ల కింది భాగంలో అంటుకుంటాయి. వాటిని తీయడానికి మన దగ్గర అందరూ కిరోసిన్ గుడ్డ అందుకుంటారు. మ్యాట్ రంగుపై అది జిడ్డు మచ్చను మిగులుస్తుంది.

సొట్ట పడితే?

అసలు ఖర్చు ఇక్కడే. మామూలు కారు డోరుపై గీత పడితే పట్టణంలోని పెయింటరు ఆ గీత మేరకు రంగు వేసి, అంచులను రుద్ది పాలిష్ పట్టి పాతదానిలో కలిపేస్తాడు. అతని నైపుణ్యమంతా ఆ కలపడంలోనే ఉంది. మ్యాట్ రంగులో అంచులు కలపడం అసాధ్యం. రుద్దిన అంచు మెరుస్తుంది. కనుక బెత్తెడు గీతకైనా డోరు మొత్తానికి, ఈ చివర నుంచి ఆ చివరికి కొత్తగా క్లియర్ కోటు వేయాల్సిందే.

అక్కడితో అయిపోదు. మ్యాట్ పొర ఎంత మెరుస్తుందన్నది దానిలో కలిపిన పదార్థం పాళ్లపైనే కాక పొర మందం, స్ప్రే గన్ గాలి ఒత్తిడి, రేకుకూ గన్‌కూ మధ్య దూరం, ఆనాటి వేడి, గాలిలో తేమలపై ఆధారపడుతుంది. అదే డబ్బాలోని రంగును అదే మనిషి ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి వేసినా రెండింటికీ తేడా రావచ్చు. పక్క డోరుతో పొసగకపోతే దానికీ వేయాలి. మామూలు రంగులో తడి పొరపై దుమ్ము పడితే ఆరాక సన్నని నీటి ఎమరీ కాగితంతో రుద్ది సరిచేస్తారు. ఇక్కడ పడ్డ నలుసు పడ్డట్టే ఉంటుంది, లేదంటే మొత్తం గీకి మొదటి నుంచీ మొదలుపెట్టాలి. రేకుల షెడ్డులో, పక్కన మరమగ్గాలు నడుస్తుండగా ఈ పని చేయించడం సాహసమే. గాలి వడకట్టే పెయింట్ బూత్, మ్యాట్ రంగు వేసిన అనుభవం ఉన్న మనిషి కావాలి. అవసరమైతే కరీంనగర్‌కో హైదరాబాద్‌కో వెళ్లక తప్పదు. స్థానిక పెయింటర్లలో నిపుణులు లేరని దీని అర్థం కాదు. చేతి నైపుణ్యంతో సరిదిద్దుకునే అవకాశాన్ని ఈ రంగు ఇవ్వదు, అంతే.

కొనే ముందే మూడు సంగతులు రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మేలు: ఒక్కో భాగానికి మళ్లీ రంగు వేయడానికి అధీకృత కేంద్రం ఎంత తీసుకుంటుంది, పక్క భాగాలకు వేయాల్సి వస్తే బీమా సంస్థ ఆ ఖర్చు భరిస్తుందా, మరకలకు, మెరుపు మచ్చలకు రంగు హామీ వర్తిస్తుందా. వాయిదాలపై కొన్నవారికి ఈ లెక్క ముందే తెలియడం ముఖ్యం.

స్టిక్కరు వేసుకున్నా చెప్పాల్సిందే

ఉన్న కారుకే మ్యాట్ స్టిక్కరు చుట్టించడం మరో మార్గం. వినైల్‌తో చేసిన ఈ పొరను ర్యాప్ అంటారు. పాడైతే తీసి మరొకటి వేసుకోవచ్చు, కింది రంగు భద్రంగా ఉంటుంది. కాని మన ఎండలకు బానెట్, పైకప్పు మీది పొర ముందుగా పెళుసెక్కుతుంది. అలా ఎండిపోయాక తీయబోతే ముక్కలుగా ఊడి జిగురు మిగులుతుంది. మ్యాట్ రంగుతోనే వచ్చిన కారుపై అంతే మ్యాట్‌గా ఉండే పారదర్శక రక్షణ పొర వేయించుకునేవారూ ఉన్నారు. ఖర్చు ఎక్కువే అయినా పొట్టు, రెట్ట, సింధూరం దెబ్బను ఆ పొరే కాస్తుంది.

స్టిక్కరుతో కారు రంగు మారితే అది చట్టం దృష్టిలోనూ మార్పే. రిజిస్ట్రేషన్ పత్రంలో వాహనం రంగు నమోదై ఉంటుంది. మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ప్రకారం పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. రంగు మార్చదలచినవారు రవాణా శాఖ కార్యాలయంలో దరఖాస్తు చేసి పత్రంలో సవరణ చేయించుకోవాలి. బీమా సంస్థకూ తెలపాలి. బూడిద రంగు కారుకు అదే బూడిద రంగు మ్యాట్ పొర వేయించినా ముందుగా ఒకసారి అడగడం క్షేమం.

మ్యాట్ రంగుల్లో యువత ఎక్కువగా ఇష్టపడే సైనిక ఆకుపచ్చకు మరో చిక్కు ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 121వ నిబంధన ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకే చెందుతుంది. 2022 డిసెంబరులో జనసేన అధ్యక్షుడు పవన్‌కల్యాణ్ ప్రచార వాహనం ‘వారాహి’పై ఈ నిబంధన ఆధారంగానే వివాదం చెలరేగింది. అది ఆలివ్ గ్రీన్ కాదని, ఎమరాల్డ్ గ్రీన్ అని తెలంగాణ రవాణా అధికారులు స్పష్టం చేయడంతో సద్దుమణిగింది. ఆ వాహనానికి 2023 జనవరి 24న పూజలు జరిగింది కొండగట్టులోనే. రంగు పేరు విషయంలో అంత పెద్ద నాయకుని వాహనానికే ప్రశ్న తప్పనప్పుడు, స్టిక్కరు దుకాణంలో పుస్తకం చూసి రంగు ఎంచుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

యజమాని గల్ఫ్‌లో, కారు ఇంట్లో

సెలవులో వచ్చి కారు కొని, రెండు నెలలు తిరిగి మళ్లీ విమానం ఎక్కే వారి వాహనాలు ఏడాదికి పైగా వాకిట్లోనే ఉంటాయి. వాటిని చూసుకునేది తండ్రో, తమ్ముడో, బావమరిదో. ప్రేమ కొద్దీ రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో తుడుస్తారు. బయటి దేశంలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో చూస్తాడని మరింత శ్రద్ధగా తుడుస్తారు. ఏడాది తిరిగేసరికి చేయి ఎక్కువగా ఆడిన చోట్ల, అంటే డోరు పిడుల చుట్టూ, బానెట్ అంచుల్లో, డిక్కీ మూత మీద నిగనిగలాడే పట్టీలు తేలతాయి. కవరు కప్పితే చాలనుకోవడమూ పొరపాటే. దుమ్ముతో ఉన్న కారుపై కప్పిన కవరు గాలికి కదిలినప్పుడల్లా ఎమరీ కాగితంలా పనిచేస్తుంది.

నిలిపి ఉంచే కారును ముందు కడిగి, పూర్తిగా ఆరాక లోపలి వైపు మెత్తగా ఉండే కవరును వదులు లేకుండా కప్పాలి. పైన కప్పు ఉన్న చోటైతే కవరు లేకుండా ఉంచినా నష్టం లేదు. దుమ్ము పడితే పడనివ్వడమే మేలు, పదిహేను రోజులకోసారి నీళ్లతో కడిగితే పోతుంది. గాలిపటం దారం, ఆరవేసిన బట్టలు, బానెట్‌పై ఎక్కి పడుకునే పిల్లి, దానిపై కూర్చోబెట్టి ఫొటో తీసే చిన్నపిల్లలు... ఇవన్నీ ఇంట్లో ఉన్నవారికి ముందే చెప్పాల్సిన సంగతులు. తుడిచే గుడ్డను మాత్రం కారు తాళాలతో పాటు బీరువాలో పెట్టి వెళ్లడం మంచిది.